నాలుగో అక్షరం

నూట నలభై మూడు పేర్లకీ ఎదురుగా 'రాలేదు' అని కొట్టమన్నాడు కోటిలింగం. టీ తెప్పించమన్నంత తేలిగ్గా చెప్పి, కుర్చీ వెనక్కి వాల్చుకున్నాడు.

రెబ్కా వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఎవరు సార్ రానిది?"

"ఎర్రగుంటపాలెం పల్లెవాళ్ళు. కార్డులో ఒక్క ఫొటో కూడా లేదని పొద్దున నువ్వేగా చెప్పావు! లేదంటే ఏంటి, రాలేదనేగా."

"కనపడటం లేదన్నాను సార్. రాలేదని నేనెప్పుడన్నాను?"

"మనకి రెండూ ఒకటేనమ్మాయ్. కొట్టు."

పొదిలి బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మీద మేడలో ఉంది వాళ్ళ ఆఫీసు. కింది నుంచి పురుగుమందు వాసన మెట్లెక్కి పైకి వస్తుంది, ఎంత ఊదొత్తులు వెలిగించినా పోదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఫొటో గుర్తింపు కార్డులు చేసిచ్చే పని గుంటూరు కాంట్రాక్టరు ఒకాయన పట్టాడు. ఇక్కడ ఆయన తరపున పెత్తనం కోటిలింగానిది. ఉగాది దాటితే బియ్యానికైనా, పింఛనుకైనా, ఆసుపత్రికైనా ఆ కార్డే చూపించాలి. ఫొటోగ్రాఫరు సుభానీ ఊరూరా వెళ్ళి, బడి గోడకి తెల్లదుప్పటి కట్టి, పలక మీద సుద్దముక్కతో నంబరు వేసి, మనిషి గుండెల దగ్గర పెట్టించి ఫొటో తీస్తాడు. కెమెరాలోని కార్డు బస్సులో ఆఫీసుకొస్తుంది. పలక మీది నంబరుకి జాబితాలో పేరు చూసి, ఫొటోని తన కంప్యూటరు నుంచి పక్కగదిలోని పెద్ద మిషన్లోకి ఎక్కించటం రెబ్కా పని. శనివారం సాయంత్రానికి జాబితా ఒంగోలు పోవాలి. పోయాక అందులో 'రాలేదు' అని ఉన్నవాళ్ళకి కార్డు లేదు, తప్పు కూడా ఆఫీసుది కాదు, వాళ్ళదే. అంతే.

ఇవాళ గురువారం.

నెల కిందటిదాకా ఫొటోలు తీగ ద్వారా కెమెరా నుంచి నేరుగా దించుకునేవాళ్ళు. ఆ తీగ తెగింది. అంతకు ముందే కెమెరా వెనకుండే బుల్లి తెర కూడా పగిలింది. కొత్తది కొనండి బాబూ అని సుభానీ మొత్తుకుంటే, కాంట్రాక్టరు కెమెరా బదులు మూడు వందలు పెట్టి ఒక కార్డు రీడరు పంపించాడు. బుధవారం దాన్ని రెబ్కా మిషన్‌కి బిగించారు. చిన్న నల్లపెట్టె, రకరకాల కార్డులకి నాలుగు నోళ్ళు. సుభానీ కార్డు పట్టేది పైనున్న వెడల్పాటి నోట్లోనే. కొత్త వస్తువు కదా, కోటిలింగం దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ రీడర్లో పెట్టిన మొట్టమొదటి కార్డు ఎర్రగుంటపాలెం వాళ్ళది. పెట్టగానే పచ్చలైటు మిణుకుమిణుకుమంది. తెర మీద మాత్రం ఒక్క ఫొటో కూడా రాలేదు.

"సార్, లైటు వెలుగుతోంది. లోపల ఏదో ఉంది."

"లైటుదేముంది, పెళ్ళిపందిట్లోనూ వెలుగుతుంది. ఆ కార్డిలా ఇవ్వు. నాలుగింటి బస్సుకి కనిగిరి పంపాలి. సుభానీ దగ్గరున్నది నిండిపోయింది. ఇది కెమెరాలో పెట్టి తుడిచేసుకుంటాడు."

రెబ్కా రీడర్లోంచి కార్డు లాగింది. అయితే ఆయన చాచిన చేతిలో పెట్టలేదు. చున్నీ అంచున పెట్టి గట్టిగా ముడేసింది.

"ఇవ్వను సార్."

కోటిలింగం చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఆ ఆఫీసులో ఆయనకి 'ఇవ్వను' అనే మాట వినపడటం అదే మొదలు.

"ఏంటీ?"

"తుడిచేస్తే ఇంక వెతకటానికి ఏమీ ఉండదు. శనివారం దాకా నా దగ్గరే ఉంటుంది."

"ఓహో! మీవాళ్ళనా ఇంత పట్టుదల?"

ఆ మాటతో రెబ్కాకి ఒళ్ళు మండిపోయింది. పేరు రెబ్కా, ఊరికి అవతల పల్లె. ఇంకేముంది, లెక్క కుదిరిపోయింది ఆయనకి!

"నేనెప్పుడూ ఆ ఊరి మొహం చూళ్ళేదు సార్. మాది పొదిలి. మీవాళ్ళ ఊరు పోయినా ఇలాగే అడిగేదాన్ని. అసలు మంగళవారం వాళ్ళు వచ్చారో లేదో మీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? మంగళవారం నేను ఒంగోల్లో ఉన్నా. అటుకేసే పోలేదు." ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. "మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కాయ కోసుకుంటారా, నీ ఫొటోకి వచ్చి నిలబడతారా? రాలేదు. శనివారం పొద్దుటికి ఆ మాట కొట్టి లేకపోతే, సోమవారం నుంచి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆలోచించుకో."

భోజనాల వేళ రెబ్కా కిందికి దిగి రూపాయి ఫోన్లోంచి సుభానీకి చేసింది.

"తీశానమ్మా. నూట నలభై మూడు. అల్లా మీద ఒట్టు," అన్నాడతను. "ఒక్కొక్కళ్ళకీ పలక తిప్పి పట్టుకోమని చెప్పీ చెప్పీ గొంతు పోయింది."

"మరి ఆ ముక్క సార్‌కి చెప్పు."

అవతల బస్సు హారన్లు మోగాయి.

"చెప్పా. నీ కెమెరా చెత్తది, నువ్వే ఎక్కడో నొక్కి పోగొట్టావు, ఎక్కువ మాట్లాడితే ఈ పనిలోంచి తీసేస్తానన్నాడు. ముగ్గురు పిల్లలమ్మా నాకు. నా నోటి నుంచి వచ్చిందనకు తల్లీ. అయినా వాళ్ళు వచ్చారో లేదో నన్నడుగుతావేంటి, ఆయన్నే అడుగు."

"అడిగాను. ఒంగోల్లో ఉన్నాడట."

సుభానీ ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. రూపాయి అయిపోయి ఫోను కట్టయింది.

శుక్రవారం కరెంటు పోయి, ఫ్యాను ఆగి, ఆఫీసు ఉడికిపోతున్న వేళ, మెట్ల మీద పాదాల చప్పుడు వినిపించింది. అరవై దాటిన ముసలామె ఒకత్తి గుమ్మంలో నిలబడి, చేత్తో పట్టుకున్న చీటీ చాపింది.

"కార్డులిచ్చేది ఈడేనామ్మా? నా పేరు చెంచమ్మ. ఎర్రగుంటపాలెం. నంబరు అరవై ఒకటి."

సుభానీ ఫొటో తీశాక నంబరు రాసి ఒక్కొక్కళ్ళకీ చీటీ ఇస్తాడు. చెంచమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకొచ్చింది. చెమటకి అంకె సగం చెదిరింది. ఆమె వేళ్ళు చివర్లంతా ఎర్రగా పొంగి ఉన్నాయి. పండుమిరపకాయ కోసే చేతులు ఆ కాలంలో అలాగే ఉంటాయి, వాటితో కళ్ళు నలుపుకుంటే ప్రాణం పోతుంది.

"కూర్చో పెద్దమ్మా," అంది రెబ్కా స్టూలు జరిపి.

లోపలి గదిలోంచి కోటిలింగం తొంగి చూసి, చూడనట్టే వెనక్కి పోయాడు. "మీరు రాలేదని రాసుందని చెప్పి పంపు, రెబ్కా!" అన్న మాట మాత్రం బయటికొచ్చింది.

చెంచమ్మ కూర్చోబోయేదల్లా లేచి నిలబడింది.

"నేను రాకపోవటమేంది? ఎవరయ్యా ఆ మాటన్నది? నా కూతురి పట్టుచీర కట్టుకుని, తలకి నూనె రాసి దువ్వుకుని వచ్చానయ్యా! ఆ రోజు కాయకోత కూడా మానుకున్నా. పొద్దున ఎనిమిదింటికి నిలబడితే రెండింటికొచ్చింది నా వంతు. పలక తిరగేసి పట్టుకున్నానని ఫొటో తీసే సాయిబు నవ్వాడు కూడాను. నా పక్కన మా కోటేషు కోడలు, చంకలో పిల్లతో. దాన్ని పిలవనా? ఊరంతా వచ్చిందయ్యా!"

లోపల తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

"చూశావా అమ్మా," అంది చెంచమ్మ. ఆమె గొంతులో ఇప్పుడు కోపం పోయి భయం వచ్చింది. అది చూస్తే రెబ్కాకి కోపం కంటే కష్టంగా అనిపించింది. "కార్డు లేకపోతే నా పింఛను ఆపేస్తారంటగా. నా మొగం మళ్ళా తీయించుకోమన్నా తీయించుకుంటా. కానీ రాలేదని మాత్రం రాయించమాక. వచ్చినదాన్ని రాలేదంటే ఎట్టా?"

"రాయను పెద్దమ్మా," అంది రెబ్కా.

ఎలా రాయకుండా ఉంటుందో తనకి తెలీదు. అయినా అనేసింది.

కరెంటు వచ్చాక ఒంగోలు నుంచి బాలు వచ్చాడు. ఆఫీసులో మిషన్లన్నీ అతను బిగించినవే. జేబులో రెండు స్క్రూడ్రైవర్లు, చేతిలో సెల్‌ఫోను, మొహంలో తొందర. రీడరు చూడగానే పకపకా నవ్వాడు.

"ఇంత కుంకం పోస్తే మిషను పనిచేస్తుందా సార్? లోపల పిన్నులకి పట్టేసుంటుంది."

కోటిలింగం మొహం మాడ్చుకున్నాడు. బాలు బ్రష్షుతో తుడిచాడు, నోటితో ఊదాడు, కుంకం అతని ముక్కులోకే పోయి నాలుగు తుమ్ములు తుమ్మాడు. కార్డు పెట్టారు. పచ్చలైటు. తెర మీద మళ్ళీ అదే. మిషన్లో ఒక్కో డిస్కుకీ ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది; రీడరు నోళ్ళకని కొత్తగా వచ్చిన అక్షరాలు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. దేని మీద నొక్కినా 'డిస్కు పెట్టండి' అంటుంది.

"కార్డు పోయింది. ఫార్మాట్ కొట్టి అంతా తుడిచెయ్యాల్సిందే," అని తేల్చేశాడు.

"ఇంకేదైనా దారి చూడండి బాలూగారూ. ఆ లైటు..."

"అన్నీ నీకెందుకమ్మా? ఆపరేటర్‌వి, ఎక్కించమన్నవి ఎక్కించు చాలు. ఇదిగో, ఆ ఎఫ్‌ని మాత్రం కెలక్కు. దాని మీద కుడి బటన్ కూడా నొక్కకు. ఎఫ్ పోయిందంటే పదకొండు ఊళ్ళూ పోతాయి." మానిటరు మీద తనే అంటించిన చీటీని వేలితో తట్టాడు. 'ఎఫ్ = పెద్ద మిషన్. ముట్టరాదు.'

రెబ్కా మిషన్లో సి, డి లోపలి డిస్కువి. ఇ అంటే సీడీ పెట్టేది. ఎఫ్ అనేది ఈ మిషన్లో లేనే లేదు. అది తీగ వెంట పక్కగదికి పోయి, పెద్ద మిషన్లోని ఊళ్ళ ఫొటోలు చూపించే దారి. పొద్దున మిషను వెయ్యగానే ఎఫ్ తెరవటం, సాయంత్రం మూసెయ్యటం. ఏడు నెలలుగా ఆమె పని మొత్తం ఎఫ్‌లోనే.

శనివారం ఆమె ఎనిమిదింటికే వచ్చి, ఊడ్చే పిచ్చమ్మ దగ్గర తాళాలు తీసుకుని ఆఫీసు తెరిచింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో ఒకటికి పదిసార్లు అనుకుని, చివరికి 'పోతే పోయింది వెధవ ఉద్యోగం' అని కూడా అనుకుంది. అనుకున్నాక కొంచెం ధైర్యంగా అనిపించింది.

చున్నీ ముడి విప్పి కార్డు పెట్టింది. లైటు మిణుకుమంది. మై కంప్యూటర్ తెరిచి, చెయ్యి మౌసు మీంచి తీసి, ఊరికే చూస్తూ కూర్చుంది. సి. డి. ఇ. ఎఫ్. తర్వాత రీడరు బిగించాక కొత్తగా వచ్చినవి జి, హెచ్, ఐ.

జి, హెచ్, ఐ. మూడు.

రీడరు వంక చూసింది. నోళ్ళు నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టింది. నోళ్ళు నాలుగే, అక్షరాలు మూడే. బాలు మూడూ నొక్కి చూశాడు. ఆ మూడూ ఖాళీగా ఉన్న నోళ్ళు, అందుకే 'డిస్కు పెట్టండి' అన్నాయి. కార్డున్న నోటికి అసలు అక్షరమే పడలేదా? లేకపోతే పడిందా, పడి కనపడటం లేదా?

ఏడు నెలలుగా పేర్లూ ఫొటోలూ జతచేస్తున్న మనిషికి ఇలాంటి లెక్కలు కొత్త కాదు. పోయిన నెల ఒక ఊళ్ళో తొంభై పేర్లకి ఎనభై తొమ్మిది ఫొటోలే తేలాయి. వెతగ్గా వెతగ్గా తెలిసిందేంటంటే, సుభానీ పొరపాటున ముప్ఫై ఏడు నంబరు పలక ఇద్దరికిచ్చాడు. ఆమె 'ముప్ఫై ఏడు' అని దాచిన రెండో ఫొటో మొదటిదాని మీద కూర్చుంది. మొదటి మనిషి ఎక్కడికీ పోలేదు, ఫొటో దిగినమాటా నిజమే. పాపం, అదే నంబరు ఇంకొకళ్ళ చేతిలో కూడా ఉంది, అంతే.

రెబ్కా నిటారుగా కూర్చుంది.

కొత్తగా వచ్చిన రీడరు తన నోళ్ళకి అక్షరాలు అడుగుతుంది. ఇ దాకా ఉన్నాయి కాబట్టి తర్వాతది ఎఫ్. మిషను దృష్టిలో ఎఫ్ ఖాళీ. అదెక్కడో పక్కగదికి పోయే దారే కానీ ఈ మిషన్లో వస్తువు కాదు కదా! అందుకని మొదటి నోటికి ఎఫ్, మిగతావాటికి జి, హెచ్, ఐ ఇచ్చేసింది. ఇప్పుడు ఎఫ్ పలక ఇద్దరి చేతిలో ఉంది. తను ఎఫ్ నొక్కినప్పుడల్లా పెద్ద మిషను ముందుకొచ్చి నిలబడుతోంది. దాని వెనక ఎర్రగుంటపాలెం ఊరు ఊరంతా పలకలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఓరి దేవుడా!" అంది పైకే. ఊడుస్తున్న పిచ్చమ్మ తిరిగి చూసింది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. పెద్ద మిషన్ని ఎఫ్ నుంచి పక్కకి తప్పించాలి. 'ముట్టరాదు' అన్న చీటీ కళ్ళెదుటే ఉంది. తప్పించేది దారినే కానీ అవతలున్న ఫొటోల్ని కాదని బుద్ధి చెబుతోంది. పదకొండు ఊళ్ళు, ఏడు నెలల పని, ఒకవేళ బాలు అన్నదే నిజమైతే? ఎఫ్ పక్కన కనిపిస్తున్న పెద్ద మిషను చిరునామా అక్షరం అక్షరం ఎడంచేతి మీద పెన్నుతో రాసుకుంది. ఎఫ్ మీద కుడి బటన్ నొక్కింది. 'డిస్‌కనెక్ట్' అన్నచోట ఒక్క క్షణం ఆగింది.

"నువ్వు రాయమన్నది రాయటం కంటే ఇది నయం," అని లోపల్లేని కోటిలింగంతో చెప్పి, నొక్కేసింది.

ఎఫ్ మాయమైంది. కీబోర్డు పైవరసలోని ఎఫ్5 మీట నొక్కి తెరని తాజా చేసింది. ఎఫ్ వచ్చింది. ఈసారి దాని బొమ్మ వేరు, పేరు వేరు. తెరిచింది.

ఒకటి, రెండు, మూడు, గళ్ళు గళ్ళుగా మొహాలు తేలటం మొదలయ్యాయి. తలపాగాలు, ముక్కుపుడకలు, చంకల్లో పిల్లలు, మూలన మంగళవారం తేదీ. అరవై ఒకటిలో పట్టుచీర కట్టుకుని, నూనె తలతో, ఎర్రటి వేళ్ళతో పలకని గట్టిగా పట్టుకుని, ఎవరో తిట్టినట్టు చూస్తూ చెంచమ్మ. రెబ్కాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చున్నీతో కళ్ళు తుడుచుకుని మొదటికి వెళ్ళింది.

మొట్టమొదటి ఫొటో చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

సుభానీకి ఒక పట్టింపు. ఏ ఊళ్ళోనైనా పొద్దున మొదటి క్లిక్కు మంచిచెయ్యి ఉన్న పెద్దమనిషి మీద పడాలి. లేకపోతే రోజంతా జనం కళ్ళు మూసేస్తారంటాడు. దాన్ని బోణీ ఫొటో అంటాడు. ఏ సర్పంచిదో, పంతులుదో అయి ఉంటుంది. జాబితాలో పేరుండదు కాబట్టి రెబ్కా దాన్ని ప్రతిసారీ చూడకుండానే తీసేస్తుంది. ఎర్రగుంటపాలెం బోణీ ఫొటోలో, తెల్లదుప్పటి ముందు, 'ఎర్రగుంటపాలెం 0' అన్న పలక పట్టుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు కోటిలింగం. ఆయన భుజం పక్కనుంచి, బడి గేటు దాకా, ఊరి వరస.

ఆమె కోపంతో కాదు, మొదట ఆశ్చర్యంతోనే చాలాసేపు చూసింది. మనిషి అంత హాయిగా నవ్వి, రెండు రోజులకే 'అటుకేసే పోలేదు' అనగలిగాడంటే! తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫొటోలన్నీ డి లోకి ఒకసారి దించుకుంది. చేతి మీది చిరునామా చూసుకుంటూ పెద్ద మిషన్‌కి మళ్ళీ దారి వేసింది. ఈసారి ఎఫ్ ఇవ్వలేదు, అక్షరాల్లో ఆఖరిదైన జెడ్ ఇచ్చింది. అంత దూరం ఏ రీడరూ రాదు. పదకొండు ఊళ్ళూ అక్కడే భద్రంగా ఉన్నాయి. ఎర్రగుంటపాలెం వాళ్ళని పన్నెండో ఊరుగా ఎక్కించటం మొదలుపెట్టింది.

పదింటికి కోటిలింగం వచ్చేసరికి ఎనభై రెండు పేర్లయ్యాయి. హెల్మెట్టు బల్ల మీద పెట్టి, "కొట్టావా?" అన్నాడు.

"కొడుతున్నా సార్. 'వచ్చారు' అని."

ఆయన తెర దగ్గరకొచ్చి వంగి చూశాడు. మొహాలు చూశాడు. "ఎలా వచ్చాయి?" అన్నాడు కాస్త తగ్గిన గొంతుతో.

"రెండింటికీ ఒకే అక్షరం పడింది సార్. ఒకటి తప్పిస్తే రెండోది కనపడింది. కుంకం తప్పేం లేదు."

"ఎఫ్ ముట్టావా? ఎవడిచ్చాడు నీకు..."

"ముట్టాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి పెద్దరికం మళ్ళీ తెచ్చుకుని, "సరే, దొరికాయి, సంతోషం. కానీ జాబితా నిన్ననే ప్రింటు తీసి, వీళ్ళకి 'రాలేదు' అని చేత్తోనే రాసి, సంతకం పెట్టి, ఒంగోలుకి ఫోన్లో కూడా చెప్పేశానమ్మాయ్. మార్చాలంటే ఎందుకు మారిందో ఒంగోలుకి రాసివ్వాలి. వీళ్ళని తర్వాతి విడతలో చూద్దాంలే. ఆరు నెలలేగా," అన్నాడు.

"ఆరు నెలలు వాళ్ళేం తింటారు సార్?"

"నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా..."

రెబ్కా మొదటి ఫొటో తెర నిండా పెద్దది చేసి, కుర్చీ పక్కకి జరిగింది.

కోటిలింగం తన నవ్వు తనే చూసుకున్నాడు. పలక చూశాడు, మూలనున్న తేదీ చూశాడు. కిందికొట్లో ఎవరో యూరియా బస్తా దబ్బున పడేశారు. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అది... అది బోణీ ఫొటో కదా. అవి తీసేస్తావుగా నువ్వు."

"తీసేస్తాను సార్ ఎప్పుడూ."

"మరి తీసెయ్."

"మిగతా పేర్లు అరవై ఒకటున్నాయి. పన్నెండింటికల్లా అవుతాయి. ప్రింటు తీసి మీ బల్ల మీద పెడతాను. ఒంగోలుకి ఎందుకు మారిందో ఉత్తరం నేను రాస్తాను. మిషన్లో అక్షరం తప్పు, జనం వచ్చారు అని. మీరు సంతకం చెయ్యండి చాలు. లేదంటారా, ఈ ఫొటోని కూడా జాబితా పైన పెట్టి, నేనే తీసుకెళ్ళి ఇచ్చొస్తా. బస్సు ఛార్జీ నాదే."

ఆయన మొహం ఎర్రబడింది, ఏదో అరవబోయి ఆగాడు. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని పిచ్చమ్మ కదలకుండా నిలబడి ఉంది. ఆమెని చూసి గొంతు దించుకుని, "నన్నే బెదిరిస్తున్నావా?" అన్నాడు.

"లేదు సార్. వచ్చినవాళ్ళని వచ్చారని రాయమంటున్నా."

పన్నెండుంపావుకి కొత్త జాబితా ఆయన బల్ల మీద పెట్టింది. పైన రెబ్కా రాసిన ఉత్తరం, నాలుగు వరసలు. కోటిలింగం దాన్ని రెండుసార్లు చదివాడు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. ప్రతి పేజీ కిందా సంతకం చేశాడు. ఆఖరి పేజీ దగ్గర పెన్ను ఇంకు ఆగితే తనే విదిలించి మరీ చేశాడు. పాత జాబితాని రెబ్కా ఆయన ఎదురుగానే అడ్డంగా రెండు ముక్కలు చేసింది.

ఒంటిగంట బస్సుకి కవరు కండక్టరు చేతికిచ్చి, రసీదు తీసుకుని వచ్చేసరికి ఆయన ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. మౌసు ముట్టుకున్నట్టు లేదు. ఏది నొక్కితే ఏం పోతుందోనన్న భయం ఆయనకీ ఉంది.

"ఆ ఫొటో ఇంకా ఉందా?"

"ఉంది సార్."

"పని అయిపోయిందిగా. ఎప్పుడు తీస్తావు?"

రెబ్కా కూర్చుని, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, తర్వాతి ఊరి జాబితా ముందు పెట్టుకుంది.

"ఆ నూట నలభై మూడు కార్డులూ వాళ్ళ చేతికొచ్చిన రోజు," అంది.